రోడ్డు వైపు చూడండి

ఆయన్ని వీధిలో అందరూ పళ్లాయన అనేవారు. తినే పళ్లు కావు, నమిలే పళ్లు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే దానికి సరిపడా కట్టుడు పళ్ల సెట్టు చేసివ్వడం ఆయన పని. ఇంటి వెనక రెండు గదులే కార్ఖానా. ఒకదానిలో ఎప్పుడూ ప్లాస్టరు దుమ్ము, రెండోదానిలో కాగిన మైనం వాసన. వెంట్రుకవాసి తేడా వచ్చినా అవతలి మనిషి తిండి నమలలేడు. ముప్పై నాలుగేళ్లలో ఆయన చేసిన సెట్టు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని భార్య నలుగురిలో గర్వంగా చెప్పేది.

"మా ఆయన చేసిన పళ్లు మనిషి పోయినా ఉంటాయి. ఆయన కార్లే, వీధి చివరిదాకా పోతాయన్న నమ్మకం లేదు" అని కూడా అనేది.

పళ్లాయనకున్న వ్యసనం ఆ ఒక్కటే, పాత స్పోర్ట్స్ కార్లు. ఇద్దరే పట్టే కార్లు. కూర్చుంటే రోడ్డు నడుముకి తగులుతున్నట్టుండేవి. డబ్బున్నవాళ్లు షోకు కోసం కొనే రకం కాదు. ఎవరి షెడ్డులోనో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నవాటిని తోసుకొచ్చి, ఏడాదికో రెండేళ్లకో ప్రాణం పోసేవాడు. మొదటిది ఎర్రది. కుడి మలుపు తిరిగితే ఎడమ తలుపు దానంతటదే తెరుచుకునేది. పెళ్లైన కొత్తలో భార్య ఒక చేత్తో తలుపునీ ఒక చేత్తో జడనీ పట్టుకుని కూర్చునేది. రెండోది మీగడ రంగుది. దాని పైకప్పు కారడంతో బయట వాన వెలిశాక కూడా లోపల వెలిసేది కాదు. మూడోది ఆకుపచ్చది, పద్నాలుగేళ్లుంది.

"ముగ్గురు సవతులు నాకు. ఒకళ్ల తర్వాత ఒకళ్లొచ్చారు కాబట్టి సరిపోయింది" అనేది భార్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మాట పొదుపు, వినికిడి ఎక్కువ.

ఆ కార్లని ఆయన చెవులతో నడిపేవాడు. ఇంజిను గొంతు కాస్త బొంగురుపోతే కార్బురేటర్లో చెత్త పడిందని, వెనక చక్రం దగ్గర కీచుమంటే బేరింగు నెలరోజులకన్నా ఆగదని చెప్పేవాడు. "పాత కారు చెప్పి చెడుతుంది. మనం వినాలంతే" అనేవాడు. ఆ మాట మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, ఆదివారం పొద్దున్నే భార్యని ఎక్కించుకుని కొండ దారిన నలభై మలుపులు ఎక్కి దిగేటప్పుడు ఏ రోజూ భయపడలేదు.

ఆయనకి భయం పుట్టింది ఒక తిన్నటి రోడ్డు మీద.

కొండ దిగేశారు. మలుపులన్నీ అయిపోయాయి. రెండువైపులా చెట్లు, ఎదురుగా ఒక్క బండి లేదు. ఆయన చెట్ల వరస చూశాడు. తర్వాత కల్వర్టు గోడ చూశాడు, అప్పటికే అది బానెట్‌కి ఆని ఉంది. రేడియేటర్లోంచి ఆవిరి బుసకొడుతోంది. పక్కన భార్య కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, నొప్పికి కళ్లు గట్టిగా మూసుకుంది.

"స్టీరింగు లాగేసింది. దానంతటదే లాగేసింది" అన్నాడాయన.

"నేను మూడుసార్లు పిలిచాను. మీరు పలకలేదు" అందామె.

"ఈ ఇంజిను మోతలో ఏం వినపడుతుంది?"

ఆమె మణికట్టు ఎముక విరిగింది. ఆరువారాలు పిండికట్టు. ఆ ఆరువారాలూ పళ్లాయన ఆ ఆకుపచ్చ కారు ముందుభాగం మొత్తం విప్పి నేలమీద పరిచాడు. స్టీరింగు రాడ్లు, జాయింట్లు ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూశాడు. పగులు లేదు, అరుగుదల లేదు. ఏదో ఒకటి విరిగి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేది. ఏమీ దొరక్కపోవడంతో రాత్రిళ్లు నిద్ర తగ్గింది. చెప్పకుండా చెడిన కారుని ఇంక ఎలా నమ్మడం? మళ్లీ బిగించాడు గానీ, స్టీరింగు పట్టుకుంటే అరచేతులు తడిసిపోయేవి.

దాన్ని అడిగి మరీ తీసుకెళ్లాడు బావమరిది. రంగుల దుకాణం వాడిది. పుట్టుకతోనే భయం పంచిపెట్టేచోట వరసలో నిలబడని మనిషి.

"నాకిచ్చెయ్ బావా. గోడ కనపడితే నేను పక్కకి తిప్పుకుంటాలే" అన్నాడు.

"నోటికి తాళం వెయ్యరా" అంది అక్క.

ఆ తర్వాత రెండు నెలలకి, భార్యా బావమరిదీ కలిసి పోరితే, పళ్లాయన కొత్త కారు కొన్నాడు. కొత్తదంటే వేరేవాళ్లు రెండేళ్లు వాడినదే. బూడిద రంగు, వంచిన విల్లులాంటి వీపు, ఎక్కడ చూసినా గుద్దుకుంటే ఉబ్బే గాలిసంచులు, కెమెరాలు. స్పోర్ట్స్ కారు తప్ప ఇంకోటి ఎక్కనని ఆయన పట్టు, ప్రాణానికి భరోసా ఉండాలని ఆమె పట్టు. రెండూ కుదిరాయి.

అయినా ఆ కారంటే ఆయనకి మొదటి రోజునుంచే బెరుకు. తాళంచెవి తిప్పే పని లేదు, బటను నొక్కాలి. గేరు దానంతటదే మారుతుంది. బానెట్ ఎత్తితే ఇంజిను కనపడదు, నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. కాలు ఇలా ఆనించేసరికి అంకెలు నూట ఇరవై దాటిపోయేవి. లోపల మాత్రం గర్భగుడిలో కూర్చున్నంత నిశ్శబ్దం. పాత కారులో అరవైకి పోతుంటే ప్రపంచమంతా గుర్తుచేసేది నువ్వు అరవైలో పోతున్నావని. ఇందులో ఏదీ గుర్తుచెయ్యదు. పరాయివాళ్ల ఇంట్లో మంచి సోఫా మీద అంచున కూర్చున్నట్టు నడిపేవాడు.

మూడో ఆదివారం, ఏటి వంతెన మీద, కారు మాట్లాడింది.

"దయచేసి రోడ్డు వైపు చూడండి."

ఆడగొంతు. మెత్తగానే ఉంది గానీ పంతులమ్మ మెత్తదనం. పళ్లాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన రోడ్డువైపే చూస్తున్నాడు. వంతెన రెయిలింగులు, ఎదురుగా పాల వ్యాను, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి.

"చూస్తూనే ఉన్నానుగా" అన్నాడు పైకే.

మళ్లీ రెండు రోజులకి మార్కెట్ దగ్గర అంది. ఆ వారంలోనే ఇంకోసారి. నాలుగోసారి డాష్‌బోర్డు మీద కప్పూ సాసరూ బొమ్మ వెలిగి, "మీరు అలసిపోయినట్టున్నారు. కాసేపు విశ్రాంతి తీసుకోండి" అంది. పొద్దున్న తొమ్మిదింటికి, ఎనిమిది గంటలు నిద్రపోయి లేచిన మనిషితో!

పళ్లాయనకి ఒళ్లు మండింది. కారుని నేరుగా షోరూముకి తీసుకెళ్లాడు.

అక్కడ కార్లకి కంప్యూటరు తగిలించి చూసే అమ్మాయి ఉంది. ముప్పై ఐదేళ్లుంటాయి. జేబులో పెన్నుకి బదులు టార్చి. ఆమె స్టీరింగు వెనక ఉన్న చిన్న కెమెరాని తుడిచింది, తనే డ్రైవరు సీట్లో కూర్చుని కావాలని పక్కకి చూసింది, కళ్లు మూసింది. కారు ప్రతిసారీ సరిగ్గానే కోప్పడింది. బుద్ధిగా ఎదురుగా చూస్తే నోరెత్తలేదు.

"కెమెరా బాగానే ఉంది సార్" అంది.

"బాగుంటే నన్నెందుకు అంటోంది? నేను రోడ్డు చూస్తుంటే చూడట్లేదంటుందేంటి?"

ఆ అమ్మాయి కంప్యూటరులో ఏదో తెరిచి చాలాసేపు చదివింది. ఆఖరి కొన్ని హెచ్చరికలు అందులో నిలిచి ఉంటాయట. చదివేకొద్దీ ఆమె మొహంలో వ్యాపారం మాయమైంది.

"సార్, మామూలుగా కళ్లు మూతపడితేనో, మొహం పక్కకి తిరిగితేనో ఇది అరుస్తుంది. మీ విషయంలో కళ్లు తెరిచే ఉన్నాయి. మొహం ఎదురుగానే ఉంది."

"మరి? అదేగా నేను చెప్పేది!"

"కానీ చూపు కదల్లేదు. రోడ్డు చూసే మనిషి చూపు ఒక్కచోట ఉండదు సార్, అటూ ఇటూ పోతూనే ఉంటుంది. మీది ఏడు సెకన్లు ఒక్కచోటే ఆగింది. ఇక్కడ తొమ్మిది. రెప్ప కూడా వెయ్యలేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఒకసారి డాక్టరుకి చూపించుకోండి సార్. మా నాన్నగారైనా ఇదే చెప్పేదాన్ని."

పళ్లాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కారు తీసుకుని ఇంటికొచ్చేదాకా ఆయన నడిపిన తీరు చూస్తే ఎవరైనా లైసెన్సు ఇచ్చినవాణ్ణి తిట్టేవారు. ముప్పైకి మించలేదు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. "ఏమన్నారండీ షోరూములో?" అని భార్య అడిగితే, "తుడిచారు" అన్నాడు. తేలు కుట్టిన దొంగకి నొప్పి చెప్పుకునే వీలుండదు.

ఆ రోజునుంచి ఆయనకి కొత్త భయం పట్టుకుంది. కారు మీద భయమైతే దిగి నడిచిపోవచ్చు. ఇది ఆయన వెంటే కార్ఖానాలోకి వచ్చింది. మైనం కరిగిస్తూ గోడ గడియారం వంక చూసేవాడు, సెకన్ల ముల్లు ఎక్కడైనా దూకిందా అని. గడ్డం గీసుకుంటూ అద్దంలో తన కళ్లనే గుచ్చి చూసుకునేవాడు. అద్దంలో మనిషి ఎప్పుడు చూసినా తననే చూస్తున్నాడు. ఆ మనిషి లేని క్షణం పట్టుకోవాలంటే ఎలా? తాను లేనప్పుడు తాను చూడలేడు కదా.

ఒకరోజు బల్లమీద మైనపు గరిటె నల్లగా మాడిపోయి కనిపించింది. మంట కట్టెయ్యడం మర్చిపోయానులే అనుకున్నాడు. అనుకుని, గరిటెని డబ్బా అడుగున దాచాడు.

మర్నాడు చిన్న నల్ల టేపు ముక్క కత్తిరించి స్టీరింగు వెనకున్న కెమెరా కంటికి అంటించాడు. తెరమీద ఏదో ఎర్ర బొమ్మ వెలిగింది. గొంతు మాత్రం ఆగింది. పదిరోజులు హాయిగా ఉందనుకున్నాడు. ఆ పదిరోజుల్లో భార్యని ఒక్కసారి కూడా కారెక్కనివ్వలేదు. "సీటు బెల్టు బాగు చేయించాలి", "ఏసీ వాసనొస్తోంది", ఇలా రోజుకో సాకు. ఎక్కనివ్వకపోవడానికి కారణం ఏమిటో తనకి తాను కూడా చెప్పుకోలేదు.

పదకొండో రోజు పొద్దున, పొరుగూరి డాక్టరుకి ఇవ్వాల్సిన మూడు సెట్లు డబ్బాలో పెట్టుకుని బయల్దేరాడు. ముప్పై కిలోమీటర్ల రోడ్డు, రద్దీ ఉండదు. ఆ రోజు తన సంగతేదో తేల్చుకోవాలనుకున్నాడు. కిలోమీటరు రాళ్లు లెక్కపెడతాను, ఒక్కటి కూడా వదలకుండా పైకి చదువుతాను, అప్పుడు తెలిసిపోతుంది ఎవరిది తప్పో అనుకున్నాడు. చిన్నపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"ఒకటి." కొంతసేపటికి "రెండు." గొంతు గట్టిగానే ఉంది. "ఏడు" దగ్గర ధైర్యం వచ్చింది. "పది" దగ్గర ఈల వెయ్యబోయాడు. పదకొండు, పన్నెండు. "పదమూడు" అన్నాడు.

తర్వాత కనిపించిన రాయి మీద పదిహేను అని ఉంది.

కారు తన వరసలో తాను, గీత దాటకుండా, అరవైలో సాఫీగా పోతూనే ఉంది. పద్నాలుగు లేదేమో. రాళ్లు పీకేస్తుంటారు, లారీలు గుద్దేస్తుంటాయి. తప్పకుండా లేదు. చూసి వస్తే సరిపోతుంది.

బండి వెనక్కి తిప్పాడు. అప్పుడు చూశాడు, ఎడమవైపు అద్దం లోపలికి మడుచుకుపోయి ఉంది. ఎప్పుడు మడిచాడో గుర్తులేదు.

పద్నాలుగో రాయి ఉంది. కొత్తగా సున్నం వేసి, నల్ల రంగుతో కుండంత అంకె రాసి ఉంది. దాని పక్కనే తారు డ్రమ్ము పొగలు కక్కుతోంది. నలుగురు కూలీలు రోడ్డు గుంతలు పూడుస్తున్నారు. వాళ్లకి ఇరవై అడుగుల ముందు నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది, చేతిలో విరిగిన కర్ర. కర్రకి ఉండాల్సిన ఎర్రజెండా రోడ్డు మీద పడి ఉంది.

బూడిద రంగు కారుని చూడగానే ఆమె చీపురు పట్టుకున్నట్టు ఆ కర్రముక్కని పట్టుకుని ఎదురొచ్చింది.

"మళ్లీ వచ్చావా! చంపటం మిగిలిపోయిందని వచ్చావా?"

ఆయన ఎలాగో కారు ఆపి దిగాడు. "అమ్మా, నేను..."

"ఏం నువ్వు? జెండా ఊపాను, అరిచాను. పక్కకి దూకకపోతే ఈపాటికి నన్ను చాపలో చుట్టేవాళ్లు. నీ అద్దం తగిలి కర్ర విరిగింది చూడు!"

"నాకు కనపడలేదమ్మా."

"కనపడలేదా?" ఆమె రెండడుగులు దగ్గరికి వచ్చింది. "నన్నే చూస్తున్నావయ్యా నువ్వు. నా మొహంలోకి చూస్తున్నావు. చూస్తూ చూస్తూనే మీదికి వచ్చేశావు."

పళ్లాయన రాయి మీద చెయ్యి వేసి ఆనుకున్నాడు. సున్నం అరచేతికి అంటుకుంది. తిట్టడానికి వచ్చిన మనిషి ఆయన మొహం చూసి తిట్టు సగంలో ఆపింది.

"ఏంటయ్యా, గుండెనొప్పా? ఇట్లా నీడకి రా. ఒరేయ్, నీళ్ల బిందె ఇటు తే!"

ఆ నీళ్లు తాగాక ఆయన చేసిన మొదటి పని, కారు తాళం ఆమె చేతిలో పెట్టడం. "ఇది మీ దగ్గరుంచండి. నేనడిగినా ఇవ్వొద్దు" అన్నాడు. తర్వాత ఇంటికి ఫోను చేశాడు.

భార్య గొంతు వినగానే మాట పెగల్లేదు. పాతికేళ్లు ఫోన్లో మనుషుల ఊపిరి విన్న మనిషి ఆమె. "ఎక్కడున్నారు? అది చెప్పండి చాలు" అంది.

నలభై నిమిషాల్లో ఆకుపచ్చ కారు వచ్చింది, బావమరిది నడుపుతుంటే అక్క పక్కన. ఆ మోత కిలోమీటరు అవతల ఉండగానే పళ్లాయన గుర్తుపట్టాడు. బావమరిది బండి దిగుతూ ఏదో వేళాకోళం ఆడబోయి, బావ మొహం చూసి మింగేశాడు.

ఇద్దరే పట్టే ఆకుపచ్చ కారుని కూలీల కాపలాలో వదిలి, ఆ ఆడమనిషి దగ్గర తాళం తీసుకుని, ముగ్గురూ బూడిద కారులో బయల్దేరారు. దానికి వెనక సీట్లున్నాయని పేరేగానీ సంచి పెడితే మనిషి పట్టదు. భార్య మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వెనక ఇరుక్కుంది. బావమరిది స్టీరింగు పట్టుకున్నాడు. పళ్లాయన డబ్బా ఒళ్లో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. షోరూము సంగతి, టేపు సంగతి, మాడిన గరిటె సంగతి, అన్నీ. ఎవరివంకా చూడకుండా రోడ్డుకి చెప్పుకున్నట్టు చెప్పాడు.

తర్వాత బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆ పచ్చ బండి తీసుకెళ్లాక ఇద్దరు మెకానిక్‌లకి చూపించాను. స్టీరింగులో ఏ దోషం లేదన్నారు. ఇన్నాళ్లూ నడుపుతున్నాను, వెంట్రుకంత కూడా లాగలేదు. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నా."

పళ్లాయనకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. చెట్ల వరస. తర్వాత గోడ. మధ్యలో ఏం జరిగిందో తెలియక ఆ ఖాళీలో తాను పెట్టుకున్నదే ఆ స్టీరింగు సాకు. మూడుసార్లు పిలిచింది ఆమె. పక్క సీట్లో ఆమె కూర్చుని ఉండగా.

"నీ చెయ్యి విరగ్గొట్టింది నేను" అన్నాడు.

వెనకనుంచి ఆమె మొహం కనిపించదు. గొంతే వినిపించింది.

"తింటూ తింటూ ఆగిపోతుంటారు మీరు. గ్లాసు పట్టుకుని, నోటిదాకా తెచ్చి. పిలిస్తే పలకరు, మళ్లీ మామూలుగా తాగేస్తారు. ఏడాదినుంచీ చూస్తున్నా. పళ్ల గురించో కార్ల గురించో ఆలోచిస్తున్నారనుకున్నా. మీరెప్పుడూ అంతేగా అనుకున్నా." కొంచెం ఆగింది. "నేను పనిచేసినన్నాళ్లూ లైను తెగితే రెండు సెకన్లలో కనిపెట్టేదాన్ని. ఇంట్లో తెగుతుంటే కనిపెట్టలేకపోయాను."

ఆ మధ్యాహ్నమే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తలకి తీగలు అంటించి పరీక్ష చేశారు, స్కానింగు తీశారు. గడ్డ లేదు. గడ్డ ఉందేమోనని నాలుగురోజులు రిపోర్టు కోసం ఎదురుచూసినప్పుడు పళ్లాయన రెండు కిలోలు తగ్గాడు. ఇది మూర్ఛలో ఒక రకమని డాక్టరు చెప్పాడు. కింద పడరు, నురగ రాదు, కొట్టుకోరు. మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే కొన్ని సెకన్లు ఆగిపోతాడు. ఆగినట్టు అతనికే తెలియదు.

"ఎన్నాళ్లనుంచి ఉందంటారు?" అని భార్య అడిగింది.

"చెప్పలేమమ్మా. గమనించేవాళ్లు ఉంటేనే తెలుస్తుంది. మందు వాడదాం. ఒక్కసారి కూడా రాకుండా పన్నెండు నెలలు గడిస్తే అప్పుడు డ్రైవింగు మాట. అప్పటిదాకా సైకిలు కూడా వద్దు. ఆయన పనిలో మంట ఉంటుందన్నారుగా, పక్కన మనిషి లేకుండా మంట వెలిగించొద్దు."

బావమరిది కారు అమ్మేద్దామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. యాభై ఏడేళ్ల వయసులో, విరిగి అతికిన మణికట్టుతో, డ్రైవింగు నేర్చుకోవడానికి వెళ్లింది. నేర్పేవాడు ఆమెని చూసి చిన్న బండి తెచ్చాడు. "మా ఇంట్లో ఉన్నది ఇది కాదు బాబూ" అని ఆమె బూడిద కారు చూపిస్తే అతను నీళ్లు నమిలాడు. రెండోసారి పరీక్షలో పాసైంది. పొరుగూరికి సెట్లు ఇచ్చి రావడం, సామాన్లు తేవడం ఇప్పుడు ఆమె పని. మంట వెలిగించే రెండు గంటలూ కార్ఖానాలో స్టూలు వేసుకుని కూర్చునేది. రోజూ పడుకునేముందు ఆయన ఒక్కటే అడిగేవాడు.

"ఇవాళ?"

"లేదు."

"నిజం చెప్పు."

"నిజమే చెప్తున్నా. వస్తే దాస్తానా?"

దాస్తుందేమోనన్న భయం, దాచదేమోనన్న భయం, రెండూ ఉండేవాయనకి. ఎనిమిది నెలలు "లేదు" అనే విన్నాడు. తొమ్మిదో నెల మూడో వారంలో, ఒక పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా, భార్య గుమ్మంలో నిలబడి ఉండటం గమనించాడు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎంతసేపు?" అన్నాడు.

"ఐదు లెక్కపెట్టాను."

గుండీ పెట్టుకోవడం పూర్తి చేసి, వెళ్లి క్యాలెండరు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు మందు మోతాదు పెంచాడు. పన్నెండు నెలలు మళ్లీ మొదటినుంచి. ఆ రోజు పళ్లాయన తిండి ముట్టలేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు. "చెప్పావు. అది చాలు."

రెండో లెక్క పూర్తయింది. డాక్టరు కాగితం మీద సంతకం పెట్టి, ఇంక నడుపుకోవచ్చన్నాడు. మందు మానకూడదు, నిద్ర చెడకూడదు, ఏ కాస్త అనుమానమొచ్చినా ఆపెయ్యాలి.

ఆదివారం పొద్దున పళ్లాయన దాదాపు రెండేళ్ల తర్వాత డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అద్దాలు సరిచేసుకున్నాడు. టేపుముక్క ఎప్పుడో పీకేశారు, ఆ జిగురు మరక కూడా భార్య తుడిచేసింది. ఆమె పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఆ టక్కుమన్న చప్పుడుకి ఆయన తల తిప్పి ఆమెని చూశాడు.

"నువ్వు దిగితే బాగుంటుందేమో" అన్నాడు.

"దిగను."

వీధి దాటాడు. మార్కెట్ చుట్టూ తిరిగాడు. ప్రతి మనిషీ, ప్రతి స్తంభం, ప్రతి కుక్కా కనిపించాయి. కనిపించిన ప్రతిదాన్నీ మనసులో పేరుపెట్టి పిలిచాడు. కారు ఒక్క మాట అనలేదు. పది నిమిషాల తర్వాత పెట్రోలు బంకు దగ్గర ఆపాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది, వేళ్లు స్టీరింగు నుంచి ఒక్కొక్కటిగా విడిపించుకోవాల్సి వచ్చింది.

"ఏమైనా...?"

"ఏమీ లేదు. బాగా నడిపారు."

"బాగానే నడిపాను. కానీ ఆ చెట్ల రోడ్డు మీద నిన్ను పక్కన పెట్టుకుని నా వల్ల కాదే. ఊళ్లో, పగటిపూట, ఈపాటి దూరం చాలు నాకు. కొండకి వెళ్లాలంటే నువ్వే."

ఆమె వాదించలేదు. దిగి ఇటు వచ్చింది, ఆయన అటు వెళ్లాడు. సీటు ముందుకి జరుపుకుని, అద్దం దించుకుని, హైవే ఎక్కించింది. రెండేళ్లలో ఆమె చెయ్యి బాగా కుదిరింది. కాస్త ఎక్కువే కుదిరింది. ముందు ఒక లారీ, దాని వెనక ఇంకో లారీ. ఆమె ఎదురుగా ఖాళీ చూసుకుని కాలు నొక్కింది. కారు ఒక్క ఊపున ముందుకి దూకింది. పళ్లాయన ఒక చేత్తో తలుపు పిడి, ఒక చేత్తో సీటు అంచు పట్టుకుని, కుడికాలు బలమంతా పెట్టి నేలని తొక్కాడు.

"కాలు తీయండి" అందామె, రోడ్డుమీంచి చూపు తిప్పకుండా. "అటువైపు బ్రేకు ఉండదు."